ఊరికి బస్సు ఎట్లా వస్తుంది, వచ్చింది ఎందుకు ఆగిపోతుంది

ముందు ప్రశ్న క్లుప్తంగా. అడిగిన తమ్ముడిది దేవరకొండ వైపు ఒక ఊరు, చుట్టూ నాలుగు తండాలు. అన్నీ కలిపితే మూడు వేల లోపు జనం. రోజుకు రెండే పల్లెవెలుగు ట్రిప్పులు. దేవరకొండ నుంచి ఏడున్నరకు బయల్దేరి ఎనిమిదిన్నరకు ఊరి నుంచి వాపసు పోయేది ఒకటి, మధ్యాహ్నం రెండింటికి అక్కడ కదిలి మూడింటికి ఇక్కడి నుంచి తిరిగిపోయేది ఇంకొకటి. కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి పోయేవాళ్లు అవస్థ పడుతున్నారు. ఈయన కొత్తగా వార్డు మెంబరు అయ్యారు. "ఇంకో నాలుగు ట్రిప్పులు వేయమని డిపోకు వినతిపత్రం ఇద్దామనుకుంటున్నాం. అసలు పల్లెలకు రవాణా ఎట్లా ప్లాన్ చేస్తారు? ఏం చేస్తే పని అవుతుంది?" అని అడిగారు.

నేరుగా చెప్తున్నాను. నాలుగు ట్రిప్పులు అని రాయకండి. అట్లాంటి కాగితాలు నా చేతుల మీదుగా కొన్ని వందలు పోయాయి, ఫైల్లోకి. మధ్యాహ్నం ట్రిప్పును సాయంత్రానికి జరపమని అడగండి. దేవరకొండ నుంచి నాలుగున్నర దాటాక బయల్దేరి మీ ఊరికి వచ్చే బస్సు ఒక్కటి కుదిరితే మీ ఊరి రవాణా సమస్యలో సగం తీరుతుంది. ఆ అడిగేది కూడా వారం రోజులు కూర్చుని రాసిన లెక్క చేతిలో పట్టుకుని అడగండి. ఆ లెక్క ఎట్లా రాయాలో కింద చెప్తాను.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేరి ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. నల్లగొండ, మహబూబ్‌నగర్ రీజియన్లలో కలిపి ముప్పై ఏళ్లకు కొంచెం తక్కువ. టైమ్ టేబుళ్లు వేయడం, రూటు సర్వేలు, నడవని ట్రిప్పులు ఎత్తేయడం, ఎత్తేసినందుకు ఊరోళ్లతో తిట్లు తినడం, ఇదే నా ఉద్యోగం. కాబట్టి పుస్తకాల్లో ఉన్నదానికంటే చేసి చూసిందే ఎక్కువ చెప్తాను.

ఒకసారి కల్వకుర్తి దగ్గర ఒక ఊరికి ఉదయం ట్రిప్పు ఖాళీగా పోతోందని, ఎత్తేద్దామా అని చూడటానికి వెళ్లాను. బస్సులో ఎనిమిది మంది ఉన్నారు. స్టేజీ దగ్గర రావిచెట్టు గద్దె మీద ఒక పెద్దావిడ టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బస్సు ఆగింది, ఎక్కలేదు. "ఏందవ్వా, ఎక్కవా?" అన్నాను. "పోవుడు ఈ బస్సుల పోతా బిడ్డా, వచ్చుడెట్ల? మాపటికి వాపసు బస్సు లేదాయె. ఆటోల పోతే ఆ ఆటోనే తోలుకొస్తడు" అంది. నేను అప్పటికి పన్నెండేళ్ల సర్వీసు చేశాను. ఉదయం బస్సు ఖాళీ ఎందుకో ఆమె చెప్పేదాకా నాకు తట్టలేదు. తిరిగి రావడానికి భరోసా లేని చోట పోయే బస్సు కూడా నిండదు. డిపోలో కూర్చుంటే ఉదయం ట్రిప్పు, సాయంత్రం ట్రిప్పు రెండు వేర్వేరు గళ్లలా కనబడతాయి. ఊళ్లో అది ఒకే ప్రయాణం. ఆ ఊరికి సాయంత్రం ఐదున్నర ట్రిప్పు వేశాక ఉదయం బస్సులోనే జనం పెరిగారు, సాయంత్రం దానిలో కంటే ముందు.

మీ ఊరిదీ అదే జబ్బు. మధ్యాహ్నం రెండింటి బస్సు ఎవరి కోసం? జూనియర్ కాలేజీ అప్పటికి వదలదు. ఆసుపత్రిలో ఓపీ చూపించుకుని, రక్తపరీక్ష రిపోర్టు తీసుకుని, మందులు కొనుక్కునేసరికి రెండు దాటుతుంది. బ్యాంకు పనీ అంతే. అందరికీ పనికిరాని టైము అది. మరి ఆ టైముకే ఎందుకు వేశారంటారా? డిపోకు అప్పుడు బస్సు ఖాళీగా ఉంది కాబట్టి వేశారు.

ఇక్కడ డిపో లెక్క కొంచెం అర్థం చేసుకోవాలి, అడిగేవాళ్లకు చాలా అవసరం. ఏ డిపోలో అయినా పొద్దున ఏడు నుంచి పది దాకా నడవగల బస్సులన్నీ రోడ్డు మీదే ఉంటాయి. ఆ టైములో మీకు ఇంకో ట్రిప్పు కావాలంటే ఇంకో బస్సు కొనాలి, లేదా ఇంకో ఊరి బస్సు తెంపి మీకు వేయాలి. రెండూ కష్టమే. పదకొండు నుంచి మూడు దాకా మాత్రం బస్సులు బస్టాండులో నిలబడి ఉంటాయి. అప్పుడు ట్రిప్పు వేస్తే డీజిల్ ఖర్చే, బస్సు ఖర్చు లేదు. అందుకే పల్లెలకు దక్కేవన్నీ మిట్టమధ్యాహ్నం ట్రిప్పులు. దీనికి తోడు సిబ్బంది గంటలు ఉన్నాయి. మా సర్వీసులో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం రోజుకు 8 గంటల పని, మధ్యలో విరామాలు కలుపుకున్నా మొత్తం 12 గంటలు దాటకూడదని ఉండేది. పొద్దున ఐదున్నరకు డ్యూటీ ఎక్కిన డ్రైవరును రాత్రి ఏడున్నర ట్రిప్పుకు వాడలేం. "పొద్దునొచ్చిన బస్సే మాపటికి రావచ్చు కదా" అని ఊరోళ్లు అడుగుతారు. బస్సు రావచ్చు, అదే మనిషి రాలేడు.

ఇక ట్రిప్పు బతికేదీ చచ్చేదీ రెండు అంకెల మీద. ఒకటి ఓఆర్, అంటే సీట్లలో ఎన్ని నిండాయి. రెండోది ఈపీకే, కిలోమీటరుకు ఎంత వచ్చింది. ఈ అంకెలు రాను పోను కలిపి చూస్తారు. పల్లె రూట్లో ఒక వైపు ఎప్పుడూ ఖాళీయే. పొద్దున ఊరి నుంచి టౌనుకు కిక్కిరిసి పోతుంది, ఊరికి వచ్చేటప్పుడు డ్రైవరు, కండక్టరు, ఇద్దరు ముగ్గురు. ఆ ఖాళీ వైపు ఎవరినైనా ఎక్కించగలిగితే మీ ట్రిప్పు గట్టెక్కినట్టే. ఎవరుంటారు? టీచర్లు, పంచాయతీ కార్యదర్శి, ఏఎన్ఎం. వీళ్లు చాలామంది దేవరకొండలో ఉండి మీ ఊరికి బండి మీదనో, నలుగురు కలిసి కారులోనో వస్తుంటారు. బడి గంటకు పావుగంట ముందు దింపే బస్సు ఉంటే ఎంతమంది ఎక్కుతారో వాళ్లనే అడగండి. ఒక ఊళ్లో ఏడుగురు టీచర్లు సరేనన్నారు, మేం ఇరవై నిమిషాలు ముందుకు జరిపాం, అంతే. ఏడుగురే కావచ్చు, ఖాళీ బస్సులో ఏడుగురంటే మామూలు విషయం కాదు.

జీరో టికెట్ గురించి మీ ఊరి ఆడవాళ్లకు గట్టిగా చెప్పండి. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో తెలంగాణ రాష్ట్రం లోపల మహిళలకు ఉచితం. కానీ టికెట్ కొట్టించుకోవాలి. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు సున్నా రూపాయల టికెట్ ఇస్తాడు. ఆ టికెట్ లెక్కనే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కట్టేది. "ఉచితమే కదా, టికెట్ ఎందుకు" అని కూర్చుంటే బస్సులో మీరున్నారు, లెక్కలో లేరు. నెలాఖరుకు నాలాంటి వాడు కాగితం చూసి, ఈ ఊళ్లో ఎక్కేవాళ్లే లేరని రాసేస్తాడు.

ఇట్లా కనబడకుండా పోయేవాళ్లు ఇంకా ఉన్నారు. పాసులున్న పిల్లలు ప్రతిరోజూ టికెట్ మిషన్ లెక్కలోకి ఎక్కకపోవచ్చు. ఇంకొకటి, చాలామందికి తెలియదు: మీ ఊరు సొంతంగా ఒక స్టేజీయా, పక్క ఊరితో కలిపి ఒకే స్టేజీయా అన్నది కనుక్కోండి. టికెట్ మిషన్ స్టేజీ నుంచి స్టేజీకి లెక్క కడుతుంది. రెండూళ్లకు ఒకే స్టేజీ అయితే మీ జనమంతా పక్క ఊరి పేరు మీద నమోదవుతారు. నాకు తెలిసి ఒక తండా పదేళ్లు పక్క ఊరి పేరు మీదే ప్రయాణం చేసింది. అక్కడ ఎక్కేవాళ్లలో ముప్పాతిక మంది తండావాళ్లే.

ఇప్పుడు సర్వే. నోట్‌బుక్ ఒకటి చాలు, ఇంటర్ చదివే ఇద్దరు పిల్లలు చాలు. పొద్దున ఐదున్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా, వంతులు వేసుకుని, ఊరి నుంచి మెయిన్ రోడ్డుకు పోయే తొవ్వ దగ్గర కూర్చోవాలి. పోయే ప్రతి మనిషికీ ఒక గీత: ఎన్నింటికి పోయాడు, ఎక్కడికి, ఎందుకు, దేని మీద (బస్సు, ఆటో, సొంత బండి, లిఫ్టు), వాపసు ఎన్నింటికి రావాలనుకుంటున్నాడు. ఈ చివరి గడి మాకు డిపోలో ఎప్పుడూ దొరకదు. వచ్చిన టైము మా మిషన్లో ఉంటుంది, రావాలనుకున్న టైము ఎక్కడా ఉండదు. అది మీరే తేవాలి. అట్లాగే సాయంత్రం ఇంటింటికీ తిరిగి ఇంకో ప్రశ్న అడగండి: బస్సు లేక ఈ నెలలో ఎక్కడికి పోవడం మానుకున్నారు? బీపీ, షుగరు మందులకు నెలనెలా పోవాల్సిన ముసలివాళ్లు, పదో తరగతి దగ్గరే చదువు ఆగిన ఆడపిల్లలు అప్పుడు బయటికొస్తారు.

ఏ వారం అన్నది ముఖ్యం. నేను చేసిన తప్పు చెప్తాను, నవ్వుకోండి. ఒక రూటు సర్వేకు మూడు రోజులు కూర్చున్నాను. జనం, జనం. ఆటోల టాపుల మీద కూడా. బస్సుకు డెబ్బై మంది ఖాయమని రిపోర్టు రాసి ట్రిప్పు వేయించాను. రెండో వారానికి పన్నెండు మంది. తర్వాత పంచాంగం చూస్తే ఆ మూడు రోజులూ గట్టి ముహూర్తాలు. నేను లెక్కపెట్టింది పెళ్లిళ్లకు పోయేవాళ్లను. ఆ ట్రిప్పు ఆరు వారాల్లో ఎత్తేశాం, మా డీఎం (డిపో మేనేజరు) నన్ను చూసినప్పుడల్లా "ఈ నెల లగ్గాలున్నాయా?" అని అడిగేవాడు.

కాబట్టి ముహూర్తాలు, జాతరలు లేని వారం పట్టండి. కానీ అంగడి రోజు, సోమవారం ఆ వారంలో ఉండాలి. అంగడి రోజు లెక్క వేరే పుస్తకం. పెబ్బేరు శనివారం సంత చూసినవాళ్లకు తెలుసు, ఆ ఒక్క రోజు ఆ చుట్టుపక్కల పల్లెల రాకపోకలన్నీ అటే తిరుగుతాయి. రోజువారీ బస్సు దక్కని ఊరికి కూడా వారానికి ఒక్క అంగడి ట్రిప్పు దక్కించుకోవచ్చు. ఇది చాలామంది అడగరు. సోమవారం ఎందుకంటే కలెక్టరేటులో ప్రజావాణి. నల్లగొండకు దరఖాస్తులు పట్టుకుని పోయేవాళ్లు ప్రతి మండలం నుంచీ ఉంటారు.

కలెక్టరేటు అంటే గుర్తొచ్చింది. మీ దేవరకొండ నల్లగొండ జిల్లాలోనే మిగిలింది కాబట్టి మీకు ఈ బాధ లేదు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినప్పుడు చాలా మండలాలకు జిల్లా కేంద్రం మారింది, బస్సు దారులు మారలేదు. ఆమనగల్లు, తలకొండపల్లి, మాడ్గుల రంగారెడ్డిలోకి పోయాయి. వాళ్ల పాత చుట్టరికాలు, అంగళ్లు, బస్సులు ఎక్కువగా కల్వకుర్తి, మహబూబ్‌నగర్ వైపు. కలెక్టరేటేమో కొంగర కలాన్‌లో. రూటు అనేది తరాల అలవాటు, గెజిట్ వచ్చినంత తొందరగా మారదు. అట్లాంటి ఊళ్లవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ సర్వేలో "ఎక్కడికి పోతున్నారు" అన్న గడితో పాటు "ఎక్కడ పని ఉంది" అని ఇంకో గడి గీసుకోండి.

పత్తి ఏరడానికి, మిర్చి కోయడానికి పోయే కూలీలను మాత్రం మీ లెక్కలో కలపకండి. తెల్లవారుజామున నలభై మంది కనబడితే ఆశ పుడుతుంది. కానీ వాళ్లు ఈరోజు ఒక ఊరికి, రేపు ఇంకో ఊరికి, చేను గట్టు దాకా ఆటోలో పోతారు. కిరాయి మేస్త్రీయో, రైతో ఇస్తాడు. టైమ్ టేబుల్ బస్సు వాళ్లకు పనికిరాదు. వాళ్లను చూపించి బస్సు తెస్తే మీ అంకె మొదటి నెలే పడిపోతుంది.

రూటు గీత గురించి. మీకు నాలుగు తండాలున్నాయి కదా, "అన్నిటినీ చుట్టి వచ్చే రింగు రూటు" అని ఎవరో ఒకరు అంటారు. మ్యాపు మీద చాలా అందంగా ఉంటుంది. నేనూ ఒకటి గీశాను, ఆరు ఆవాసాలు కలిపి. మొదటి తండావాళ్లు టౌనుకు పోవాలంటే మిగతా ఐదూ తిరిగి గంట కూర్చోవాలి. ఆటోలో ఇరవై నిమిషాలు. ఎవడెక్కుతాడు? చివరికి దాన్ని రెండు ముక్కలు చేసి, ఉదయం ఒక వైపు నుంచి, సాయంత్రం రెండో వైపు నుంచి నడిపాం. తండా లోపలికి బస్సు పోవడం కన్నా, తండా నుంచి కిలోమీటరు లోపు నడిచి ఎక్కే చోట చెప్పిన టైముకు బస్సు ఉండటం మేలు. ముసలివాళ్లు, నడవలేనివాళ్లు ఉంటారు, నిజమే. వాళ్లకోసం నాలుగు తండాలూ తిప్పితే ఆరునెలలకు అందరికీ బస్సు పోతుంది. ఇది ఊళ్లో చెప్పడం కష్టం, ప్రతి తండాకూ తన గడప ముందు బస్సు కావాలి. మీరు వార్డు మెంబరు, ఆ మాట మీరే చెప్పాలి, నేను ఇక్కడ కూర్చుని చెప్పడం సులువు.

హైదరాబాదుకు నేరుగా బస్సు కావాలని కూడా మీ ఊళ్లో డిమాండ్ ఉండే ఉంటుంది. దాని జోలికి ఇప్పుడు పోవద్దు. మీకు కొండమల్లేపల్లి ఉంది. హైదరాబాదు–సాగర్ రోడ్డు, నల్లగొండ–దేవరకొండ రోడ్డు అక్కడే కలుస్తాయి. మీ బస్సు అక్కడికి చేరే టైము, హైదరాబాదు బస్సు అక్కడికి వచ్చే టైము పది పదిహేను నిమిషాల తేడాతో కుదిరితే చాలు, నేరుగా పోయినట్టే. గంటన్నర తేడా ఉంటే జనం "మాకు బస్సే లేదు" అంటారు. డిపోలు వేరైతే ఈ కుదుర్చుకోవడం ఎవరూ పట్టించుకోరు, అడిగితేనే జరుగుతుంది. మీ కాగితంలో "ఫలానా టైము హైదరాబాదు బస్సు అందేటట్టు" అని ఒక్క లైను రాయండి.

రోడ్డు సంగతి. బస్సు అడిగే ముందు టేపు పట్టుకుని మీరే ఒకసారి పోయి రండి. బస్సు వెడల్పు రెండున్నర మీటర్లు. పల్లె రోడ్డు తారు వెడల్పు చాలాచోట్ల 3.75 మీటర్లు, కొన్నిచోట్ల మూడే. ఎదురుగా ట్రాక్టరు వస్తే బస్సు దిగడానికి పక్కన గట్టి మట్టి అంచు ఉండాలి, నల్లరేగడి అయితే వానకు చక్రం కూరుకుపోతుంది. తర్వాత తిరిగే చోటు. ఆగకుండా ఒక్క తిప్పులో తిరగాలంటే పాతిక మీటర్ల జాగా కావాలి. రివర్స్ తీసుకుని తిప్పొచ్చు, కానీ బడి ముందు రివర్స్ తీయాల్సి వస్తే నేనైతే సర్వేలో నో అని రాసేవాణ్ణి. పిల్లలు వెనక చక్రాల దగ్గరే ఆడుతుంటారు. ఒక ఊళ్లో అన్నీ సరిపోయాయి, ఒక్క వేపకొమ్మ అడ్డం. బస్సు టాపుకు గీసుకుంటుంది. కింద బొడ్రాయి ఉంది, కొమ్మ కొట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. నాలుగు నెలలు ఆగింది ఆ సర్వీసు. చివరికి ఒక ముసలాయన కొబ్బరికాయ కొట్టి, దండం పెట్టి, తనే గొడ్డలి అందుకున్నాడు. కరెంటు తీగలు వేలాడుతుంటే లైన్‌మన్‌తో ఇప్పుడే ఎత్తించండి. వాగు మీద కల్వర్టు నీళ్లలో మునిగే రకమైతే, వానాకాలంలో బస్సు ఎక్కడిదాకా వచ్చి ఎక్కడ తిరగాలో ముందే రాసి ఇవ్వండి. లేకపోతే జులైలో ఆపిన బస్సు డిసెంబరు దాకా రాదు, నీళ్లు వారానికే పోయినా.

ఆటోల గురించి అడగలేదు కానీ చెప్పాలి. బస్సు రావడానికి పది నిమిషాల ముందు ఆటో వచ్చి జనాన్ని ఊడ్చుకుపోతుందని ప్రతి ఊరూ ఫిర్యాదు చేస్తుంది. నిజమే. కానీ బస్సు రెండుసార్లు నలభై నిమిషాలు లేటయితే జనమే ఆటో పిలుస్తారు, అందులో ఆటోవాడి తప్పు లేదు. మీ ఊళ్లో ఆటో నడిపేది మీ ఊరి పిల్లలే. మహాలక్ష్మి వచ్చాక వాళ్ల ఆడ ప్యాసింజర్లు తగ్గారు, కిస్తీలు తగ్గలేదు. వాళ్లను శత్రువులుగా చూసి తెచ్చిన బస్సు ఊళ్లో గొడవ తెస్తుంది. కూర్చోబెట్టి మాట్లాడండి: బస్సు టైముల్లో తండాల నుంచి స్టేజీ దాకా మీరు తేండి, బస్సు లేని గంటల్లో టౌను దాకా మీరే నడపండి. ఒకచోట ఇట్లా చేస్తే ఆటోవాళ్లే కండక్టరుకు ఫోన్ చేసి "అన్నా, ఆరుగురు వస్తున్నరు, జర ఆగు" అనేదాకా వచ్చింది. అన్నిచోట్లా కుదరలేదు, అది కూడా చెప్పాలి.

పంచాయతీ సొంతంగా వ్యాను నడుపుదామనే ఆలోచన ఎవరికైనా వస్తే ఆగండి. మనిషికింత అని టికెట్ లెక్కన డబ్బు తీసుకుని ఆరుగురి కంటే ఎక్కువమందిని తీసుకెళ్లే బండి మోటారు వాహనాల చట్టం ప్రకారం స్టేజ్ క్యారేజీ, దానికి వేరే పర్మిట్ కావాలి. ఆర్టీసీకే అని ప్రభుత్వం నోటిఫై చేసిన రూట్లలో అది ప్రైవేటుకు దొరకడం కష్టం. పర్మిట్ లేకుండా నడిపితే, యాక్సిడెంటయిన రోజు ఇన్సూరెన్సు గొడవ అవుతుంది. ఇంకొకరు మహిళా సంఘాల బస్సుల గురించి కింద కామెంటులో అడిగారు. అవి మండల మహిళా సమాఖ్యలు ఆర్టీసీకి అద్దెకు ఇచ్చే బస్సులు. అద్దె సమాఖ్యకు వస్తుంది, ఏ రూట్లో తిప్పాలో మాత్రం డిపోనే చూసుకుంటుంది.

నైట్ హాల్ట్ మీకు కుదిరేటట్టుంటే దానికోసం గట్టిగా ప్రయత్నించండి. రాత్రి ఏడున్నరకు వచ్చి ఊళ్లోనే పడుకుని, పొద్దున ఐదున్నరకు కదిలే బస్సు. డిపోకు ఖాళీగా తిరిగే కిలోమీటర్లు మిగులుతాయి, మీకు సాయంత్రం వాపసు, పొద్దుగాల పోయేది రెండూ ఒకే దెబ్బకు వస్తాయి. పాలవాళ్లు, కూరగాయలవాళ్లు, హైదరాబాదు పనులకు పోయేవాళ్లు అందరూ దాన్నే పడతారు. అయితే పడుకునే ఇద్దరికీ తలుపు గడియ పడే గది, ఫ్యాను, నీళ్లు, మరుగుదొడ్డి కావాలి. నేను కండక్టరుగా ఉన్నప్పుడు ఒక ఊళ్లో బస్సు సీట్ల మధ్యే పడుకునేవాళ్లం. దోమలకు నిద్ర లేక, పొద్దున టికెట్లు తప్పు కొట్టి, షార్టేజీ జీతంలోంచి కట్టాను. అట్లాంటి ఊరికి డ్యూటీ వేస్తే సిబ్బంది సిక్ పెడతారు, బస్సు రద్దవుతుంది. పంచాయతీ గది ఒకటి తాళంచెవితో సహా ఇస్తామని తీర్మానంలో రాయండి, మీ దరఖాస్తు మిగతావాటి పైకి వస్తుంది. మహిళా కండక్టర్లను మేం నైట్ హాల్ట్‌కు వేసేవాళ్లం కాదు. వాళ్ల సంఖ్య ఎక్కువున్న డిపో అయితే అక్కడ నైట్ హాల్ట్‌లు తక్కువే ఉంటాయి, అదీ చూసుకోండి.

ఇదంతా మీలాంటి మైదానపు ఊళ్లకు. ఇదే ప్రశ్న అమ్రాబాద్, మన్ననూరు పైన చెంచు పెంటల (అడవిలో చెంచుల గూడేలు) నుంచి వస్తే నా జవాబు వేరు. అక్కడ పాతిక, ముప్పై ఇళ్లు, అడవి దారి. శ్రీశైలం రోడ్డు మీద టైగర్ రిజర్వు లోపల రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు నడవనివ్వరు. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కొలమానమే మైదానంలో 500 జనాభా, గిరిజన ప్రాంతాల్లో 250. దానికంటే చిన్న పెంటకు పెద్ద బస్సు లెక్క ఎన్నడూ తేలదు. అక్కడ జీపు, రేషను, ఆసుపత్రి బండి, బడి హాస్టలు అన్నీ కలిపి ఆలోచించాలి. మనిషిని సేవ దగ్గరికి తేవడం కన్నా సేవను మనిషి దగ్గరికి తీసుకుపోవడం చవక. అది ఇంకోసారి.

దరఖాస్తు ఎట్లా ఇవ్వాలంటే: 2018 పంచాయతీరాజ్ చట్టంతో చాలా తండాలు సొంత పంచాయతీలయ్యాయి. మీ నాలుగింటిలో ఎన్ని అయ్యాయో చూసి, ఒక్కో పంచాయతీ నుంచి ఒక్కో తీర్మానం తీసుకోండి. వాటికి సర్వే కాగితం ఒక పేజీకి కుదించి జతచేయండి. హెడ్‌మాస్టరు, కాలేజీ ప్రిన్సిపాల్ నుంచి పిల్లల సంఖ్య, వదిలే టైముతో చెరొక ఉత్తరం. డిపో మేనేజరుకు ఇచ్చి, కాపీ రీజినల్ మేనేజరుకు. ముందుగా 2023లో పెట్టిన విలేజ్ బస్ ఆఫీసరు మీ ఊరికి ఎవరో డిపోలో కనుక్కోండి. ఆ పని చేసేది ఆర్టీసీ ఉద్యోగే, ఇట్లాంటి సమాచారం పైకి పంపడమే ఆయన పని. ఇరవై మంది జీపులో పోయి ధర్నా చేస్తే పేపర్లో ఫోటో వస్తుంది. నలుగురు పోండి, అందులో రోజూ ఆటోలో తిరిగే కాలేజీ అమ్మాయి ఒకరు ఉండాలి. నా అనుభవంలో డీఎంలు ఆ అమ్మాయి చెప్పేదే వింటారు. శాశ్వతంగా అనకండి, మూడు నెలలు ట్రయల్ అనండి. అది కూడా కాలేజీలు తెరిచాక జూన్‌లోనో, జులైలోనో. ఏప్రిల్‌లో మొదలుపెడితే సెలవుల్లో ఖాళీగా తిరిగి, పిల్లలు వచ్చే టైముకు ఎత్తేస్తారు.

బస్సు వచ్చిన రోజు పూలదండలు, కొబ్బరికాయలు, డ్రైవరుకు శాలువా, బస్సు నిండా జనం. పనిలేనివాళ్లు కూడా ఎక్కుతారు. ఆ రోజు లెక్క ఎవరూ చూడరు. మేం చూసేది మూడో వారం మంగళవారం లాంటి ఏ విశేషం లేని రోజు. ఆ రోజుకు ఎవరెవరు ఎక్కుతారో ఇప్పుడే పేర్లతో సహా మీ దగ్గర ఉండాలి. సర్వే అయ్యాక సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదున్నర మధ్య దేవరకొండ నుంచి వాపసు రావాలనుకునేవాళ్లు ఎంతమందో, వాళ్లలో పిల్లలెందరో, ఆ రెండు అంకెలు ఇక్కడ పెట్టండి. పాతిక దాటితే దరఖాస్తు ఎట్లా రాయాలో కూర్చుని రాద్దాం. పదిహేను లోపయితే పక్క ఊరితో కలిపి అడగడం గురించి మాట్లాడదాం.